కిడ్నీ పథ్యం నిలవాలంటే ఇంట్లో ఎవరు ఏ పని పట్టుకోవాలి: బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగు కుటుంబాలకు

డైటీషియన్ రాసిచ్చిన చీటీ రోగి జేబులో ఉంటుంది, ఉప్పు డబ్బా ఇంకొకరి చేతిలో ఉంటుంది. పథ్యం ఎక్కువగా తప్పేది అక్కడే. నోరు కట్టుకోలేడని రోగినే అందరూ తప్పుపడతారు గానీ, అందరికీ కలిపి వండిన కూరలోంచి తనకు పనికిరాని ఉప్పును ఏరి పక్కన పెట్టడం ఎవరి తరం? అందుకే ఈ వివరాలన్నీ రోగికన్నా ముందు ఇంట్లో మిగతావాళ్లు చదవాలి.

గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో తెలుగువాళ్ల ఇళ్లకు ఇంకో చిక్కు ఉంది. డాక్టరు ఒడియాలో చెబుతారు, చీటీ ఇంగ్లీషులో ఉంటుంది, వండే అమ్మకో అత్తకో ఆ రెండూ చదవడం రాదు. పైగా అచ్చువేసిన చార్టుల్లో రెండు చపాతీలు, ఒక కప్పు సలాడ్ అని ఉంటుంది. మన ఇళ్లలో పొద్దున్న పఖాళ (నీళ్లలో నానిన చద్దన్నం), మధ్యాహ్నం పప్పూ పులుసూ, పండక్కి దాల్మా (కూరలు వేసి వండే పప్పు), మధ్యలో ఎండుచేప. ఆ చార్టుకీ ఈ కంచానికీ పొంతన కుదరక రెండో వారానికే కాగితం బీరువాలోకి వెళ్లిపోతుంది.

ముందు పనులు పంచుకోండి

"మేమందరం ఉన్నాం కదా" అనేది మంచి మాటే, కానీ దానివల్ల ఏ పనీ ఎవరి మీదా పడదు. నాలుగు పనులకు నలుగురి పేర్లు పెట్టండి. మనుషులు తక్కువైతే ఒకరు రెండు పనులు చూసుకోవచ్చు.

వండే మనిషి ఉప్పు, నూనె, కూరల బాధ్యత చూస్తారు. కొనే మనిషి సంతకు వెళ్లేటప్పుడు ఏ కూరలు తేవాలో, ఏవి తేకూడదో తెలుసుకుని వెళతారు. ఆసుపత్రికి తోడు వెళ్లే మనిషి రిపోర్టులు, బరువు, మందులు ఒక నోటు పుస్తకంలో రాస్తారు. నాలుగో పనిని ఎవరూ పనిగా లెక్కపెట్టరు: చుట్టాలకు జవాబు చెప్పడం. "ఈ ఒక్క రోజుకేం కాదులే" అనే మేనత్తకు, "మా ఊళ్లో ఒకాయన ఆకురసం తాగి బాగయ్యాడు" అనే మావయ్యకు రోగే ప్రతిసారీ సర్దిచెప్పుకోవాల్సి వస్తే, ఏదో ఒక రోజు ఓపిక నశించి తినేస్తారు. ఈ పనికి ఇంట్లో మాట చెల్లే పెద్దవాళ్లను పెట్టండి.

డైటీషియన్ దగ్గరికి మొదటిసారి వెళ్లేటప్పుడు రోగితో పాటు వండే మనిషి తప్పకుండా వెళ్లాలి. ఇంట్లో వాడే గరిటె, టీ గ్లాసు, అన్నం కొలిచే డబ్బా సంచిలో వేసుకెళ్లండి. "ఒక కప్పు" అంటే ఎంతో అక్కడే మీ గ్లాసుతో చూపించమనండి. ఏ కూరగాయ అయినా ఒడియాలో చెబితే దాని తెలుగు పేరు పక్కన రాసుకోండి: లాఉ అంటే ఆనపకాయ, జహ్ని అంటే బీర, సారు అంటే చేమదుంప, కఖారు అంటే గుమ్మడి, అమృతభండా అంటే బొప్పాయి. సగం చీటీ అక్కడే తెలుగులోకి వచ్చేస్తుంది.

పక్కింటివాళ్ల చార్టు పనికిరాదు

ఇచ్ఛాపురం దాటి ఉద్దానం వైపు చుట్టరికాలు ఉన్న కుటుంబాల్లో కిడ్నీ రోగులు ఒకరికి మించి కనిపిస్తారు. దాంతో ఒకరి చీటీ ఇంకొకరు ఫోటో తీసుకుని వాడేస్తుంటారు. మంచి మనసుతో చేసే సాయమే అయినా కీడు చేస్తుంది. డయాలసిస్ మొదలుకాని మనిషికి మాంసకృత్తులు తగ్గించమంటారు, డయాలసిస్ చేయించుకునే మనిషికి పెంచమంటారు. ఒకరికి రక్తంలో పొటాషియం (తిండిలోంచి వచ్చే ఖనిజ లవణం, పాడైన కిడ్నీ దాన్ని సరిగా బయటికి పంపలేదు) ఎక్కువ ఉంటుంది, ఇంకొకరికి మామూలుగా ఉంటుంది.

రక్తంలో పొటాషియం మామూలుగా లీటరుకు 3.5 నుంచి 5.0 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉంటుంది. మీ మనిషి రిపోర్టులో 4.2 ఉంటే, కిడ్నీ జబ్బు అన్న ఒక్క మాటకు భయపడి పళ్లన్నీ మానిపించాల్సిన పని లేదు. 5.5 దాటితే డాక్టరు చెప్పిన కట్టడి మొదలుపెట్టాలి, 6 దాటితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. పొటాషియం, ఫాస్ఫరస్, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపేది), ఆల్బుమిన్ (రక్తంలోని మాంసకృత్తి) అంకెలు తారీఖు వేసి నోటు పుస్తకంలో ఒకే పేజీలో రాయండి. ఆల్బుమిన్ తగ్గుతూ వస్తుంటే డాక్టరుతో వెంటనే మాట్లాడండి. దానికి వేరే కారణాలూ ఉంటాయి గానీ, ఇంట్లోవాళ్లు మరీ ఎక్కువ కట్టడి చేసి మనిషిని పస్తు పెడుతున్నారేమో కూడా చూసుకోవాలి. అలాంటి ఇళ్లు చాలానే ఉన్నాయి.

ఉప్పు లెక్క

మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే తలకొట్టిన ఒక టీస్పూను. ఈ హద్దు కిడ్నీ రోగికే కాదు, ఇంట్లో అందరికీ వర్తిస్తుంది. పథ్యానికి అన్నిటికన్నా పెద్ద ఆసరా ఇదే. రోగి కోసం విడిగా చప్పిడి గిన్నె పెట్టే బదులు, ఇల్లంతా ఒకే గిన్నెకు దిగి రావచ్చు.

ఇంట్లో ఎంత ఉప్పు వాడుతున్నారో ముందు లెక్క చూడండి. కిలో ప్యాకెట్ తెరిచిన రోజున దాని మీదే తారీఖు రాయండి. అయిపోయిన రోజున రోజులు లెక్కపెట్టి, 1000 ని తినే మనుషుల సంఖ్యతో, ఆ తర్వాత రోజులతో భాగించండి. నలుగురు ఉన్న ఇంట్లో ప్యాకెట్ 30 రోజుల్లో అయిపోతే తలకు 8.3 గ్రాములు. ఊరగాయలు, అప్పడాలు, బయటి తిండి ఇందులో లేవు. తలకు 5 గ్రాములు కావాలంటే ఆ ఇంటికి నెలకు 600 గ్రాములు, అయిదుగురికి 750 గ్రాములు. ఊరగాయలో పోయే ఉప్పు కూడా ఆ లెక్కలోంచే తీసేయాలి.

ఒక్కసారిగా సగానికి కోస్తే రెండో పూటకే ఇంట్లో గొడవ మొదలవుతుంది. మొదటి రెండు వారాలు కూరల్లో నాలుగో వంతు తగ్గించండి, ఇంకో రెండు వారాలకు మరో నాలుగో వంతు. నాలుక కొన్ని వారాల్లో అలవాటు పడుతుంది. అన్నంలో, దోసెపిండిలో, చపాతీపిండిలో ఉప్పు మొదటి రోజు నుంచే మానేయొచ్చు, ఎవరూ గుర్తుపట్టరు. ఉప్పు చేతితో వేసే అలవాటు ఉంటే, పొద్దున్నే ఆ రోజు వాటా ఒక చిన్న గిన్నెలో తీసి పెట్టుకుని, దానిలోంచే అన్ని వంటలకూ వాడండి. గిన్నె ఖాళీ అయితే మళ్లీ డబ్బా తీయకూడదు. ఎవరు వండినా ఈ కొలత మారదు.

ఇంట్లో పిల్లలో, ఎండలో పనిచేసి వచ్చేవాళ్లో ససేమిరా అంటే, కూర ఉప్పు లేకుండా దించి రోగి వాటా ముందు తీసేసి, మిగతా దాంట్లో ఉప్పు కలపండి. ఉప్పు వేశాక నీళ్లు పోసి పలుచన చేయడం దండగ, ఉప్పు ఎక్కడికీ పోదు.

రుచికి నిమ్మరసం, అల్లం, వెల్లుల్లి, మిరియాలు, వేయించిన జీలకర్ర పొడి, కరివేపాకు, కొత్తిమీర వాడండి. ఒడియా ఇళ్లలో అయిదు దినుసులతో పెట్టే పంచఫుటణ తాలింపు ఉప్పు లేని కూరకు బాగా ఆసరా. మసాలా పొడులు ఇంట్లో కొట్టుకోండి, కొనే ప్యాకెట్లలో చాలావాటిలో ఉప్పు కలిపి ఉంటుంది.

మూడు చోట్ల మోసపోతారు. ఒకటి, తక్కువ సోడియం ఉప్పు పేరుతో అమ్మే ప్యాకెట్లు. వాటిలో సోడియం బదులు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు, అది కిడ్నీ రోగికి మామూలు ఉప్పు కంటే ప్రమాదం. రెండు, సైంధవ లవణం. దానిలో ఉండేది కూడా ముఖ్యంగా సోడియం క్లోరైడే. మూడు, బరంపురం అప్పడాలు. ఊరికే పేరుంది గనక పెట్టకుండా ఉండలేరు, కానీ అప్పడాల పిండిలో ఉప్పుతో పాటు అప్పడాల ఖారం (సోడా) కూడా పడుతుంది, అదీ సోడియమే. ఆవకాయ సంగతి చెప్పనక్కర్లేదు. ఒక పెద్ద చెంచా ఆవకాయతో రోజు వాటాలో దాదాపు మూడో వంతు చెల్లిపోతుంది. ఊరగాయ జాడీ భోజనాల దగ్గర పెట్టకుండా వంటగదిలోనే ఉంచడం చిన్న పని, కానీ ఫలితం పెద్దది. కావాల్సినవాళ్లు లేచి వెళ్లి వడ్డించుకుంటారు.

పఖాళ, ఎండుచేప, దాల్మా

పఖాళ మానేయమని చెప్పడం సులువు. వైశాఖంలో గంజాం ఎండకు అది మానమంటే ఎవరూ మానరు. కాబట్టి సర్దుబాటు చూడాలి. డయాలసిస్ లేని, ఒంట్లో నీరు చేరని, నీళ్లకు కట్టడి లేని మనిషి ఉప్పు వేయకుండా పఖాళ తినొచ్చు. డయాలసిస్ మీద ఉన్న మనిషికి చిక్కు అన్నంతో కాదు, తొరాణితో, అంటే అన్నం నానిన నీళ్లతో. పెద్ద గిన్నె పఖాళలో పావు లీటరు పైగా నీళ్లు కడుపులోకి వెళతాయి. అన్నాన్ని గట్టిగా పిండి తీసి, పెద్ద చెంచాడు పెరుగు, అల్లం, కరివేపాకు, ఆవాల తాలింపు కలిపి పెట్టండి. పులుపు ఉంటుంది, చల్లదనం ఉంటుంది, నీళ్ల లెక్క తప్పదు. నంజుకోవడానికి ఆలుభర్తా (బంగాళాదుంప ముద్ద), శాగభజా (ఆకుకూర వేపుడు) బదులు బీరకాయ వేపుడో దొండకాయ వేపుడో చాలు.

శుఖువా (ఎండుచేప) విషయంలో మాత్రం రాజీ పనికిరాదు. గోపాల్‌పూర్ తీరాన ఉన్న పల్లెకారుల ఇళ్లలో ఇది రోజువారీ తిండి. నానబెట్టి కడిగితే పైన ఉప్పు కొంత పోతుంది గానీ లోపలికి పట్టిన ఉప్పు మిగిలే ఉంటుంది. ఎముకలతో నమిలి తినే చిన్న ఎండుచేపల్లో ఫాస్ఫరస్ అదనం. ఆ ఇంట్లోనే పచ్చి చేప దొరుకుతుంది కాబట్టి, చేప అమ్మి ఎండుచేప తినే అలవాటును తిప్పి చూసుకోవాలి: రోగి వాటాకు ఒక ముక్క పచ్చి చేప తీసి పెట్టడం కొనే మనిషి పని.

దాల్మాలో పప్పు, చేమదుంప, అరటికాయ, గుమ్మడి అన్నీ ఒకే నీటిలో ఉడుకుతాయి. కూరల్లోని పొటాషియం నీటిలోకి దిగి, ఆ నీరే మనం తాగుతాం. పొటాషియం కట్టడి ఉన్న మనిషికి దుంపలు ముందు ఇలా వార్చుకోవాలి:

1. చెక్కు తీసి, 3 మిల్లీమీటర్ల మందాన పలుచని చక్రాలుగా తరగండి. పెద్ద ముక్కలైతే లోపలి పొటాషియం బయటికి రాదు.
2. ఒకసారి కడిగి, ముక్కలకు పది రెట్లు గోరువెచ్చని నీళ్లు పోసి కనీసం రెండు గంటలు నాననివ్వండి.
3. ఆ నీళ్లు పారబోసి మళ్లీ కడగండి.
4. అయిదు రెట్లు నీళ్లు పోసి ఉడికించి, ఆ నీళ్లు కూడా వార్చేయండి. అప్పుడు తాలింపు వేయాలి.

కుక్కర్‌లో కొద్ది నీళ్లతో ఉడికిస్తే, ఆవిరి మీద ఉడికిస్తే ఈ పని జరగదు. వార్చిన నీటిని "బలం ఉంటుంది" అని రసంలో కలిపేసే పెద్దవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు, కాబట్టి సింకులో మీరే పారబోయండి. ఎంత వార్చినా దుంపలో పొటాషియం పూర్తిగా పోదు, ఒక చిన్న గిన్నెడు కూరకే ఇది పనికొస్తుంది. రోజువారీకి ఆనపకాయ, బీర, పొట్ల, దొండ, దోస, క్యాబేజీ వాడితే ఈ శ్రమే ఉండదు. పళ్లలో ఆపిల్, పైనాపిల్, నేరేడు కొద్దిగా తినొచ్చు. అరటి, పనస, జామ, ఖర్జూరం, ఎండుద్రాక్ష పక్కన పెట్టాలి.

కరమంగా పండు కిడ్నీ రోగి ఉన్న ఇంట్లోకే రాకూడదు, తెలుగు బజార్లో స్టార్‌ఫ్రూట్ అంటారు. దానిలోని విషపదార్థం కిడ్నీలు పనిచేయని మనిషి మెదడును దెబ్బతీసి, ఎక్కిళ్లు, తికమక, మూర్ఛ తెస్తుంది, ప్రాణం కూడా పోవచ్చు. ఒక పండు కూడా చాలు. పెరట్లో చెట్టు ఉంటే పిల్లలకు కూడా ఈ సంగతి చెప్పి ఉంచండి, ప్రేమగా కోసి పెట్టేది వాళ్లే.

ఆరోగ్యం పేరుతో వచ్చే పదార్థాలు

పరామర్శకు వచ్చేవాళ్లు ఉత్త చేతులతో రారు. ఉద్దానం నుంచి వస్తే కొబ్బరిబోండాలు, పలాస నుంచి వస్తే జీడిపప్పు, కొరాపుట్, రాయగడ కొండల నుంచి వస్తే చోళ్లు. ఒక మాదిరి బోండం నీళ్లలో 500 మిల్లీగ్రాములకు పైగా పొటాషియం ఉంటుంది. కట్టడి ఉన్న మనిషి రోజు మొత్తానికి తినే పొటాషియం సాధారణంగా 2000 నుంచి 2500 మిల్లీగ్రాములకు మించనివ్వరు. జీడిపప్పులో పొటాషియం, ఫాస్ఫరస్ రెండూ ఎక్కువే. చోడి అంబలి మామూలువాళ్లకు మంచి తిండి, కానీ బియ్యంతో పోలిస్తే చోళ్లలో పొటాషియం, ఫాస్ఫరస్ చాలా ఎక్కువ, పైగా అంబలి సగానికి మించి నీళ్లే. బెల్లం కూడా అంతే. పంచదార చెడ్డది, బెల్లం మంచిది అనే మాట పొటాషియం ఎక్కువున్న రోగి విషయంలో తలకిందులవుతుంది.

గలిజేరు ఆకు, కొండపిండి ఆకు కషాయాలు, పేరు చెప్పని పొడులు మరీ ప్రమాదం. ఆకురసాల్లో పొటాషియం ఎక్కువ, పొడుల్లో ఏముందో ఇచ్చినవాడికే తెలియదు. ఇక్కడ జవాబు చెప్పే మనిషి రంగంలోకి దిగాలి. వాదన పెట్టుకోవద్దు. "బాబాయ్, మీరు తెచ్చింది మేమంతా తాగుతాం. ఆయన రక్తంలో పొటాషియం ఎక్కువుందని డాక్టరు కొబ్బరినీళ్లు వద్దన్నారు, వచ్చేటప్పుడు పైనాపిల్ తెండి చాలు" అనండి. వద్దని ఊరుకోకుండా ఏం తేవాలో చెబితే ఎవరికీ మనసు నొచ్చుకోదు, రెండోసారి సరైనదే తెస్తారు.

డయాలసిస్ మొదలయ్యాక పథ్యం మారుతుంది, ఇంట్లోవాళ్లు మారరు

ఎక్కువ నష్టం జరిగేది ఈ దశలో. ఏళ్ల తరబడి పప్పు తగ్గించు, చేప తగ్గించు అని అలవాటైన ఇల్లు డయాలసిస్ మొదలయ్యాక కూడా అలాగే వండుతుంది. మనిషి ఎండిపోతుంటే జబ్బు ముదిరిందనుకుంటారు.

60 కిలోల మనిషి లెక్క చూడండి. డయాలసిస్‌కు ముందు డాక్టరు చెప్పే మాంసకృత్తులు సుమారుగా కిలో బరువుకు 0.6 నుంచి 0.8 గ్రాములు, అంటే రోజుకు 36 నుంచి 48 గ్రాములు. రోజుకు 300 గ్రాముల బియ్యంలో దాదాపు 21, 30 గ్రాముల కందిపప్పులో 7, చిన్న గ్లాసుడు పాలు లేదా పెరుగులో 5, కూరల్లో 4. మొత్తం 37, సరిపోయింది. డయాలసిస్ మొదలయ్యాక కిలోకు 1.0 నుంచి 1.2 గ్రాములు కావాలి, అంటే 60 నుంచి 72 గ్రాములు. అదే భోజనానికి రెండు గుడ్ల తెల్లసొన కలిపితే 7, 100 గ్రాముల పచ్చి చేప కలిపితే 18 నుంచి 20 గ్రాములు అదనం. శాకాహారులు పప్పు, పెరుగు, పనీర్ ఎంత పెంచాలో ఫాస్ఫరస్ అంకె చూసి డైటీషియన్ చెబుతారు. ఖర్చు పెరుగుతుంది, నిజమే. ఇంట్లో గుడ్లు కొద్దిగానే ఉన్నప్పుడు ముందు రోగి కంచంలోకి, తర్వాతే మిగతావాళ్లకి.

ఫాస్ఫరస్ తగ్గించే మాత్రలు భోజనంతో పాటే వేసుకోవాలి. భోజనం అయిన గంటకు వేస్తే, పొట్టలో తిండితో కలిసి పనిచేయాల్సిన మందు వృథా. వడ్డించే మనిషే కంచం పక్కన మాత్ర పెడితే మరుపు ఉండదు. కోలా డ్రింకులు, ప్యాకెట్ మాంసం లాంటి వాటిలో కలిపే ఫాస్ఫేట్ దాదాపు మొత్తం ఒంటికి పట్టేస్తుంది, పప్పులో ఉండే ఫాస్ఫరస్ సగం కూడా పట్టదు. కాబట్టి పప్పుకు భయపడి కోలా తాగించడం తలకిందుల పథ్యం.

నీళ్ల విషయంలో మామూలు లెక్క: ముందు రోజు వచ్చిన మూత్రం ఎంతో అంత, దానికి అర లీటరు నుంచి ముప్పావు లీటరు అదనం. మీ డాక్టరు చెప్పిన అంకె సీసా మీద స్కెచ్‌తో గీయండి. పొద్దున్న ఆ గీత దాకా నీళ్లు నింపి, టీ తాగినా, మజ్జిగ తాగినా, చారు పోసుకున్నా అంత నీళ్లు సీసాలోంచి పారబోయండి. సీసా ఖాళీ అయితే ఆ రోజుకు అయిపోయినట్టే. దాహం వేసేది ఎక్కువగా ఉప్పు వల్ల, అందుకే ఉప్పు తగ్గని ఇంట్లో నీళ్ల కట్టడి నిలవదు. చుట్టాలింటికి వెళితే ముందుగా చెంబుడు నీళ్లు ఇస్తారు, తోడు వెళ్లినవాళ్లు ఆ చెంబు అందుకోవాలి.

రెండు డయాలసిస్‌ల మధ్య బరువు 60 కిలోల మనిషికి 2.4 కిలోలకు మించి పెరగకపోవడం మంచిది, అంటే డ్రై వెయిట్‌లో (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువులో) 4 శాతం. వారానికి మూడుసార్లు చేయించుకునేవాళ్లకు ఒక విరామం రెండు రోజులు వస్తుంది, ప్రమాదం ఎక్కువ ఉండేది దాని చివర్లోనే. సోమ, బుధ, శుక్రవారాల షిఫ్టు అయితే ఆ విరామం శని, ఆదివారాలు. ఇంటిల్లిపాదీ మాంసం తినేదీ, పెళ్లి భోజనాలు పడేదీ ఆదివారమే. ఇంట్లో మాంసం బుధవారానికి మార్చుకోవడం ఒక్క కుటుంబానికి చేతనైన పనే, ఎవరినీ అడగక్కర్లేదు.

బండి మీదో ప్యాసింజర్ రైల్లోనో వెళ్లి, నాలుగు గంటలు మంచం మీద ఉండి, ఆకలితో బయటికి వస్తే ఎదురుగా బరా ఘుగుని (గారెలు, బఠాణీ కూర) బండి ఉంటుంది. ఘుగునిలో బఠాణీ, బంగాళాదుంప, ఉప్పు, మూడూ చిక్కే. తోడు వెళ్లే మనిషి సంచిలో ఇడ్లీలో, ఉప్పు తక్కువ అటుకుల ఉప్మానో, ఉడికిన గుడ్డు తెల్లసొనో ఉండాలి. ముఢి (మరమరాలు) కూడా తేలిక తిండే గానీ, వేయించేటప్పుడే ఉప్పునీళ్లు కలుపుతారు, గుప్పెడుకు మించొద్దు.

పండగలు, మొక్కులు

జగన్నాథుడి మహాప్రసాదం ఎవరూ కాదనరు, కాదనమని చెప్పడమూ తప్పు. ఒక ముద్ద కళ్లకద్దుకుని తింటే పథ్యం పోదు, కుడువ (ప్రసాదం కుండ) మొత్తం తింటే పోతుంది. కార్తీకంలో హబిష (వ్రత భోజన నియమం) చేసే ఇళ్లలో జాగ్రత్త ఎక్కువ కావాలి: హబిష దాల్మాలో చేమ, అరటికాయ లాంటి దుంపలూ కాయలే ప్రధానం, పొటాషియం కుప్ప. ఏకాదశి ఉపవాసంలో అన్నం మానేసి అరటిపళ్లు, బంగాళాదుంపలు తినడం కూడా అంతే. ఉపవాసం తప్పదంటే సగ్గుబియ్యం ఉప్మాతో సరిపెట్టండి. మధుమేహం ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ఏ ఉపవాసమూ ఉండకూడదు. మార్గశిర గురువారాల్లో చేసే మండా పిఠా (కుడుము) పూర్ణం కొబ్బరీ బెల్లమూ, కాబట్టి ఒకటి చాలు, రెండు వద్దు.

పెళ్లి భోజనానికి రోగిని తీసుకెళ్లకుండా ఇంట్లో కూర్చోబెట్టడం కొందరు జాగ్రత్త అనుకుంటారు. దాంతో మనిషి ఒంటరైపోతాడు, ఆ కసి ఇంకో రోజు తిండి మీద చూపిస్తాడు. తీసుకెళ్లండి, ముందే ఇంట్లో సగం కడుపు తినిపించి తీసుకెళ్లండి. బంతిలో పక్కన కూర్చునే మనిషి విస్తట్లోని పప్పుచారు, అప్పడం, ఊరగాయ తన వైపు తీసుకుంటే ఎవరి కంటా పడదు.

రోగి ఇంటి ఆడమనిషి అయితే

మగమనిషికి జబ్బు చేస్తే ఇంట్లో ముగ్గురు పరిగెడతారు. అమ్మకో కోడలికో జబ్బు చేస్తే ఆమే రెండు రకాల వంట చేసి, అందరికీ పెట్టి, మిగిలింది తింటుంది. మిగిలింది అంటే ఉప్పున్న కూరే. చప్పిడి కూర విడిగా వండుకునే ఓపిక డయాలసిస్ రోజు ఉండదు కదా. ఈ ఇళ్లలో పథ్యం తప్పిందని ఆమెను అనడం అన్యాయం.

ఏం చేయాలో సూటిగా చెప్పుకోవాలి. డయాలసిస్ రోజుల్లో వంట ఇంకొకరిది, ఆ రోజులు క్యాలెండరులో గుండ్రం చుట్టండి. ఇంట్లో మగవాళ్లు అన్నం వండటం, ఆనపకాయ కూర చేయడం, దుంపలు వార్చడం నేర్చుకోవడానికి ఒక ఆదివారం చాలు. ఇంట్లో గిన్నె ఒక్కటే, అది ఆమె ఉప్పు కొలతతో ఉంటుంది, మిగతావాళ్లు కావాలంటే పైన చల్లుకుంటారు. ఆమె కంచం ముందు వడ్డించాలి. ఇరుగుపొరుగు ఆడవాళ్లు వారానికి ఒక పూట కూర పంపగలిగితే, ఉప్పు లేకుండా పంపమని అడగండి. అడగడానికి ఆమె మొహమాటపడుతుంది, మీరు అడగండి.

కాపలా వేరు, సాయం వేరు

ప్రతి ముద్దకూ "అది తినకు" అంటే రెండు వారాల్లో మనిషి దొంగతనంగా తినడం మొదలుపెడతాడు. దాచి తిన్నది లెక్కలోకి రాదు, డాక్టరు పెరిగిన అంకె చూసి మందు డోసు మారుస్తారు, అసలు కారణం తెలియదు. తిన్న సంగతి తిట్టు పడకుండా చెప్పుకునే వీలుండాలి. "ఎందుకు తిన్నావు" బదులు "ఎంత తిన్నావు, ఎప్పుడు" అని అడిగి నోటు పుస్తకంలో రాయండి. పిల్లల ముందు మందలించొద్దు. పెద్దాయన విషయంలో చిన్న కోడలు చెప్పే మాట కన్నా ఆయన తమ్ముడో, స్నేహితుడో చెప్పేది పనిచేస్తుంది, ఎవరి మాట వింటారో చూసి వాళ్లతో చెప్పించండి. వారానికి ఒక వంటకం రోగికి నచ్చింది ఎంచుకోనివ్వండి. దాన్ని కొలతలోకి తేవడం వండేవాళ్ల పని.

సూరత్ మగ్గాల్లో పనిచేసే కొడుకులు గంజాం ఇళ్లలో చాలామంది. వాళ్లు డబ్బు పంపి చేతులు దులుపుకోకుండా చేయగల పని ఒకటుంది. డయాలసిస్ రోజు సాయంత్రం ఫోన్ చేసి బరువు ఎంత పెరిగింది, పొటాషియం ఎంత వచ్చింది అని అడిగి రాసుకోవడం. అంకె అడిగే మనిషి ఉన్నాడని తెలిస్తే ఇక్కడ తోడు వెళ్లేవాళ్లు కూడా అడగడం మరిచిపోరు. ఆ కొడుకు ఇంటికి వచ్చేటప్పుడు తెచ్చే నమ్‌కీన్ ప్యాకెట్లు మాత్రం సూరత్‌లోనే వదిలి రావాలి.

గోడ మీద అంటించాల్సిన కాగితం

పెద్ద అక్షరాలతో తెలుగులో రాయండి. పడుకుంటే ఊపిరి ఆడకపోవడం, ఉన్నట్టుండి కాళ్లూ చేతులూ సత్తువ లేకుండా పోవడం, గుండె తప్పి కొట్టుకోవడం, ఆగని ఎక్కిళ్లు, తికమకగా మాట్లాడటం: వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి. పొటాషియం పెరిగినప్పుడు కొన్నిసార్లు ఏ సూచనా ఉండదు, అందుకే డయాలసిస్ ఒక్కటి కూడా మానకూడదు. మధుమేహం ఉన్న మనిషికి షుగర్ పడిపోతే కొబ్బరినీళ్లు, బత్తాయిరసం పట్టొద్దు. మూడు టీస్పూన్ల పంచదార కొద్ది నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ షుగర్ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108 కి ఫోన్ చేయాలి. దాని కింద డయాలసిస్ కేంద్రం నంబరు, తోడు వెళ్లే ఇద్దరి నంబర్లు, చివరి రిపోర్టులోని పొటాషియం అంకె, డ్రై వెయిట్ రాసి, కొత్త రిపోర్టు వచ్చినప్పుడల్లా ఆ రెండు అంకెలు కొట్టేసి కొత్తవి వేయండి.